రెండేళ్లు రొయ్యల చెరువు మీద ఉన్నాను: ఇంటర్వ్యూలో చెప్పాలా, దాచాలా?

విడవలూరు_కుర్రోడు | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. బీటెక్ మెకానికల్ 2023లో అయిపోయింది. ఆ వెంటనే నాన్నకు నడుము ఆపరేషన్ కావడంతో మా రొయ్యల చెరువులు నేనే చూసుకుంటూ వచ్చాను. ఇప్పుడు కృష్ణపట్నం పోర్టు దగ్గర ఒక నూనె రిఫైనరీలో షిఫ్ట్ ట్రైనీ పోస్టుకు పిలిచారు. వచ్చే గురువారం ఇంటర్వ్యూ.

టెన్షన్ అంతా ఒక్కదాని గురించే. ‘చదువయ్యాక ఏం చేశావు’ అంటే ఏం చెప్పాలి? ఫ్రెండ్స్ ఏమో ‘బ్యాంక్ కోచింగ్ అని చెప్పెయ్, రొయ్యలంటే నవ్వుతారు’ అంటున్నారు. ఇంకొకడు హైదరాబాద్‌లో ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇప్పిస్తాను, డబ్బులు రెడీ చేసుకో అంటున్నాడు. ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అన్నదానికి నెట్‌లో దొరికిన జవాబు బట్టీ పట్టాను. ‘ఐయామ్ ఎ హార్డ్‌వర్కింగ్ అండ్ సెల్ఫ్ మోటివేటెడ్ పర్సన్’ అని మొదలవుతుంది.

మన మీద మంచి అభిప్రాయం కలగాలంటే ఎలా మాట్లాడాలో తెలిసినవాళ్లు చెప్పండి.

ఒంగోలు_గిత్త | 9:31

అబ్బాయ్, ఇదంతా నాటకం. లోపల కూర్చున్నవాళ్లకు ఎవరిని తీసుకోవాలో ముందే తెలుసు. ఎవరైనా పెద్దమనిషి చేత ఒక ఫోన్ కొట్టించుకో, మిగతాదంతా దండగ. ఫోన్ కొట్టించే దిక్కు లేకపోతే బాగా బిల్డప్ ఇవ్వు. నిజం చెప్పి బాగుపడినవాడిని నేనైతే చూడలేదు.

పినాకిని_ప్యాసింజర్ | 9:40

గిత్తా, నీకు ప్రతిదీ రికమండేషనే. మా బ్యాచ్‌లో కావలి నుంచి, గూడూరు నుంచి చెన్నై వచ్చి చేరినవాళ్లలో సగం మందికి ఏ పెద్దమనిషీ తెలియదు.

తమ్ముడూ, ఆ లెటర్ జోలికి మాత్రం పోవద్దు. ఈ రోజుల్లో చాలా కంపెనీలు పీఎఫ్ యూఏఎన్ నంబర్ అడిగి సర్వీస్ హిస్టరీ చూస్తున్నాయి. ఏ కంపెనీలో ఏ తేదీన చేరావో, ఎప్పుడు మానేశావో అందులో ఉంటుంది. ఉద్యోగం చేశానని లెటర్ చూపించి, పీఎఫ్ ఏదంటే ఏం చెబుతావు? చేరిన ఆరు నెలల తర్వాత వెరిఫికేషన్‌లో దొరికి, అప్పటికప్పుడు ఐడీ కార్డు తీసేసుకుని గేటు బయటకు పంపిన కేసు నా కళ్లతో చూశాను.

సింహపురి_హెచ్ఆర్ | 10:05

తడ వైపు ఒక ఫ్యాక్టరీలో హెచ్ఆర్‌లో పనిచేస్తాను. ఏ కంపెనీయో అడగొద్దు. లోపల ఏం జరుగుతుందో చెబుతాను, తర్వాత మీ ఇష్టం.

మా దగ్గర ప్యానెల్‌లో ముగ్గురుంటారు. ప్లాంటు నుంచి ఒకరు, నేను, ఇంకో డిపార్ట్‌మెంట్ నుంచి ఒకరు. ప్రతి అభ్యర్థికీ ఒక కాగితం ఉంటుంది. సబ్జెక్టు, మాట తీరు, షిఫ్టులకు సిద్ధమా, నిలబడతాడా అని గడులు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. అడుగున ‘రిమార్క్స్’ అని ఒక ఖాళీ గీత. రోజంతా మనుషులు వస్తూనే ఉంటారు. సాయంత్రం టీ తాగుతూ కాగితాలు ముందేసుకుంటే పేర్లు గుర్తుండవు. ‘ఈ అబ్బాయి ఎవరు?’ అంటే ఆ గీత మీద రాసింది చదివి గుర్తు చేసుకుంటాం. ‘తమ్ముడిని చదివిస్తున్నాడు’, ‘కాలేజీలో జనరేటర్ తనే రిపేరు చేశాడు’, ‘ప్రతిదానికీ యెస్ సార్’... ఇలా ఉంటాయి రిమార్కులు. మీ ఇమేజ్ అంటే ఆ గీత మీద రాసిందే.

హార్డ్‌వర్కింగ్, సెల్ఫ్ మోటివేటెడ్ అని చెప్పినవాళ్ల కాగితంలో ఆ గీత ఖాళీగా ఉంటుంది. చెడ్డగా మాట్లాడారని కాదు. ముందొచ్చినవాళ్లూ అదే చెప్పారు, తర్వాత వచ్చేవాళ్లూ అదే చెబుతారు. ఏడో తరగతి పిల్లాడు పద్యం అప్పజెప్పినట్టు పైకప్పు వైపు చూస్తూ చెబుతారు. మధ్యలో ఆపి ఒక ప్రశ్న వేస్తే మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటారు పాపం.

కాబట్టి విడవలూరు బాబూ, ‘మంచి అభిప్రాయం’ అనే పెద్ద మాట పక్కన పెట్టండి. ఆ గీత మీద మీ గురించి ఏం రాయాలనుకుంటున్నారో ఒక్క వాక్యం చెప్పండి. జవాబులన్నీ దాని చుట్టూ కట్టుకుందాం.

విడవలూరు_కుర్రోడు | 10:18

మేడమ్, రాయించుకునేంత ఏం చేయలేదు నేను. చెరువు మీద పని అంటే మేత వేయించడం, రాత్రిళ్లు కాపలా, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు చూసుకోవడం. అంతే.

పంటపాలెం_బాయిలర్ | 10:26

‘అంతే’ ఏందయ్యా సామీ! నేను రిఫైనరీలోనే ఉన్నాను. నువ్వు వెళ్లేది మా దానికి కాకపోవచ్చు, పని మాత్రం ఒకటే. కొన్ని అడుగుతాను, చెప్పు. మొత్తం ఎన్ని ఎకరాలు? ఏరియేటర్లు ఎన్ని హెచ్‌పీ? రాత్రి ఎవరు ఉండేవారు? ఆక్సిజన్ కొలిచేవాడివా, రొయ్య తేలాక పరిగెత్తేవాడివా?

విడవలూరు_కుర్రోడు | 10:44

ఆరెకరాలన్నా, మూడు చెరువులు. అన్నీ 2 హెచ్‌పీ ప్యాడిల్ వీల్సే, త్రీ ఫేజ్. రాత్రి నేనూ, ఇంకో పని మనిషీ ఉండేవాళ్లం. డీఓ మీటరుతో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచేది) రాత్రి పదకొండుకి, రెండుకి, నాలుగున్నరకి కొలిచి పుస్తకంలో రాసేవాడిని. తెల్లవారుజామునే కదా బాగా పడిపోయేది. 4 పీపీఎమ్‌కి దగ్గర పడిందంటే మిగతా ఏరియేటర్లు కూడా వేసేసేవాళ్లం. మబ్బు పట్టిన రోజున మేత తగ్గించేసేవాళ్లం. కరెంటు పోతే జనరేటర్. మొదట్లో మోటార్లు బాగా కాలిపోయేవి, తర్వాత తగ్గాయి.

పంటపాలెం_బాయిలర్ | 10:49

ఆగు ఆగు. ‘మోటార్లు కాలిపోయేవి, తర్వాత తగ్గాయి’ అన్నావు. వాటంతటవే తగ్గాయా?

విడవలూరు_కుర్రోడు | 10:58

లేదన్నా. మా లైనులో ఒక ఫేజ్ పోవడం మామూలే. మూడింట్లో ఒకటి పోయినా మోటారు తిరుగుతూనే ఉంటుంది, మిగతా రెండిటి మీద కరెంటు ఎక్కువ లాగి వేడెక్కి కాలిపోతుంది. ప్రతిసారీ వైండింగ్‌కి నెల్లూరు పంపేవాళ్లం. స్టార్టర్ బాక్సుల్లో సింగిల్ ఫేజ్ ప్రివెంటర్లు పెడదామని నాన్నతో అన్నాను. ముందు ఒప్పుకోలేదు, ఖర్చని. ఒక చెరువుకి పెట్టి చూపించాను. ఆ పంట మొత్తంలో ఆ చెరువు మీద ఒక్క మోటారు కూడా కాలలేదు, పక్క చెరువుల మీద మూడు పోయాయి. తర్వాత అన్నిటికీ పెట్టించాడు. ఫేజ్ పోగానే మోటారు ఆగిపోతుంది కదా, అది తెలియడానికి షెడ్డులో హూటర్ కూడా పెట్టాం. లేకపోతే మోటారు బతుకుతుంది, రొయ్య చస్తుంది.

చీమకుర్తి_రాయి | 11:07

ఇంత సరుకు పెట్టుకుని బ్యాంక్ కోచింగ్ అని చెబుతాడంట!

మాది గ్రానైట్ ఫ్యాక్టరీ. రాయి కోసే గ్యాంగ్‌సా మీద, పాలిషింగ్ లైను మీద కుర్రోళ్లను తీసుకునేటప్పుడు నేనే మాట్లాడతాను. నాకు కావాల్సింది రాత్రి రెండింటికి మిషన్ సౌండు మారితే లేచి వెళ్లే మనిషి. ‘రెస్పాన్సిబిలిటీ ఉంది సార్’ అని అందరూ అంటారు. ఈ అబ్బాయి ఆ మాట అనకుండానే, రెండుకి, నాలుగున్నరకి లేచి మీటరు చూసేవాడినని చెప్పాడు. మాకు అది చాలు.

ఒంగోలు_గిత్త | 11:15

సరే, ఆ హూటర్ సంగతి బాగుంది, కాదనను. కానీ ఇలా ఏరుకుని చెప్పడం కూడా బిల్డప్పే కదా? నష్టం వచ్చిన పంట సంగతి చెప్పడు, మోటార్ల సంగతే చెబుతాడు. దీనికీ అబద్ధానికీ తేడా ఏంది?

సింహపురి_హెచ్ఆర్ | ఆదివారం, ఉదయం 7:20

గిత్త గారూ, ఈసారి అడగాల్సిందే అడిగారు. పెళ్లిచూపులకు వెళ్లేటప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకుంటే మోసం అనం కదా. ఉన్నవాటిలో ఏది ముందు చెప్పాలో ఎంచుకోవడం అభ్యర్థి హక్కు. ఉన్న టైమే పదిహేను, ఇరవై నిమిషాలు. నష్టం వచ్చిన పంట గురించి మేం అడిగామనుకోండి, అప్పుడు దాచితే తప్పు. అడుగుతారు కూడా: ‘చెరువు లాభంగా ఉంటే ఉద్యోగానికి ఎందుకు వస్తున్నావు?’ అని. బాబూ, దీనికి జవాబు రెడీగా ఉందా?

ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, ‘నిలబడతాడా’ అనే గడిలో మార్కులు దీన్ని బట్టే పడతాయి. మా వైపు కుర్రాళ్లు చేరిన నాలుగో నెలలో ‘ఇంటి దగ్గర పని పడింది’ అని వెళ్లిపోతుంటారు. ట్రైనింగ్ అంతా ఇచ్చి వదులుకోవడం మాకు పెద్ద తలనొప్పి.

విడవలూరు_కుర్రోడు | 8:02

నాన్న ఆరోగ్యం కుదుటపడింది మేడమ్, మళ్లీ ఆయనే చూసుకుంటున్నారు. బాబాయి కొడుకు కూడా తోడున్నాడు. రేటు ఎప్పుడు ఎలా ఉంటుందో తెలియదు కాబట్టి ఇంట్లో ఒకరికైనా నెల జీతం ఉండాలని అనుకున్నాం. నాకూ మెషీన్ల పనే ఇష్టం. ఇదే చెబితే సరిపోతుందా?

సింహపురి_హెచ్ఆర్ | 8:09

సరిపోతుంది. ఇందులో ‘నాన్న మళ్లీ చూసుకుంటున్నారు, తమ్ముడు తోడున్నాడు’ అన్నది ముఖ్యం. పంట పట్టుబడి వచ్చిందని సెలవు పెట్టి పోడు అనే ధీమా వాళ్లకు దాంతోనే వస్తుంది. జీతం అవసరం అని చెప్పడానికి సిగ్గుపడొద్దు. ‘మీ సంస్థ విలువలు నన్ను ఆకర్షించాయి’ అని ట్రైనీ కుర్రాడు అంటే మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటాం.

కందుకూరు_కోడలు | 9:30

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాదీ ఇలాంటి గ్యాపే, ఇంకా పెద్దది. బీకామ్, ట్యాలీ. ఒంగోలులో ఒక ఏజెన్సీలో అకౌంట్స్ చూసేదాన్ని. 2019లో పాప పుట్టాక మానేశాను, తర్వాత బాబు. ఇప్పుడు ఇద్దరూ స్కూలుకు వెళ్తున్నారు, మళ్లీ చేరాలని ఉంది. మొన్న ఒకచోటికి వెళ్తే ‘పిల్లలకు జ్వరం వస్తే సెలవు పెడతారు కదమ్మా’ అని మొహం మీదే అన్నారు. ఏం మాట్లాడాలో తెలియక నవ్వి ఊరుకున్నాను.

చీమకుర్తి_రాయి | 9:52

అమ్మా, పిల్లల సంగతికి ఒక్క వాక్యం చాలు. ‘మా అత్తయ్య ఇంట్లోనే ఉంటారు, స్కూలు నుంచి తీసుకురావడం ఆమే చూస్తారు’ అని చెప్పి ఆపేయండి. మీ ఇంట్లో ఏర్పాటు ఇంకోలా ఉంటే అదే చెప్పండి. సంజాయిషీ ఇస్తున్నట్టు సాగదీస్తే వాళ్లు అక్కడే పట్టుకుంటారు.

అసలు అనుమానం పిల్లల గురించి కాదు, మీ లెక్కల పని పాతబడిందేమోనని. మీరు మానేశాక జీఎస్టీలో చాలా మారింది. 2020లో జీఎస్టీఆర్-2బి అనే నెలవారీ స్టేట్‌మెంట్ వచ్చింది, ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్ను మినహాయింపు) దానితో సరిచూసుకోవాలి. బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే ఈ-ఇన్‌వాయిస్ అదే ఏడాది అక్టోబరులో పెద్ద కంపెనీలతో మొదలై, 2023 ఆగస్టు నుంచి 5 కోట్ల టర్నోవర్ దాటినవాళ్లందరికీ వచ్చింది. మా చీమకుర్తి వైపు అయితే ఎగుమతి బిల్లులు ఎల్‌యూటీ (ముందుగా ఇచ్చే హామీ పత్రం) మీద పన్ను కట్టకుండా పోతాయి. ఇవి నేర్చుకుని వెళ్లి, వాళ్లు అడక్కముందే ‘నేను మానేశాక వచ్చిన మార్పులు ఇవి, వీటిలో ఇంతవరకు చేసి చూశాను’ అనండి. తెలిసినవాళ్ల షాపులో ఒక నెల రిటర్నులు వేసి పెట్టండి, చూపించుకోవడానికి పనికొస్తుంది. సెలవుల మాట వెనక్కిపోతుంది.

కందుకూరు_కోడలు | 10:10

మా మరిది ఎరువుల కొట్టు ఉంది. అతని రిటర్నులు ఈ నెల నేనే వేస్తాను. థాంక్యూ అన్నయ్యా.

బ్యాంకు_బాధితుడు | 11:45

బ్యాంకు వైపు నుంచి నాదొక మాట. ఐబీపీఎస్ పీఓ (బ్యాంకు ఆఫీసర్ పోస్టు) ఇంటర్వ్యూకు 100 మార్కులు. ఫైనల్ లిస్టులో మెయిన్స్‌కు 80, ఇంటర్వ్యూకు 20 వెయిటేజీ. జనరల్ వాళ్లకు ఇంటర్వ్యూలో కనీసం 40 శాతం రావాలి. క్లర్క్‌కు ఇంటర్వ్యూ లేదు. కేంద్రంలో గ్రూప్ సీ, నాన్ గెజిటెడ్ గ్రూప్ బీ ఉద్యోగాలకు కూడా 2016 జనవరి నుంచి తీసేశారు. అదే సివిల్స్ అయితే మొత్తం 2025 మార్కుల్లో పర్సనాలిటీ టెస్టుకే 275.

నాకు అర్థమైందేమిటంటే, అక్కడ మన ఇమేజ్ మన బయోడేటా నుంచే మొదలవుతుంది. హాబీ దగ్గర ‘వ్యవసాయం’ అని గొప్పగా రాశాను. ఇక మొదలుపెట్టారు చూడండి! కిసాన్ క్రెడిట్ కార్డు వడ్డీ ఎంత, గడువులోపు కడితే 3 శాతం రాయితీ ఎలా వస్తుంది, చేపలు రొయ్యలు పెంచేవాళ్లకు కూడా ఆ కార్డు ఇస్తారా (ఇస్తారు), మొలగొలుకుల వరి పండిస్తున్నారా ఇంకా... మన జిల్లా గురించి కూడా వదలరు. నెల్లూరుకు పొట్టి శ్రీరాములు గారి పేరు ఎప్పుడు పెట్టారు (2008), ప్రకాశం జిల్లా ఎప్పుడు ఏర్పడింది (1970లో ఒంగోలు జిల్లాగా, 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు). వాటన్నిటికీ బాగానే చెప్పాను గానీ, జవాబు తెలియని చోట ‘సారీ సార్, తెలియదు’ అని అప్పటికప్పుడు చెప్పడం కూడా మంచిదే. తెలియనిదాన్ని తిప్పితిప్పి చెబితే మిగతావి కూడా అనుమానంగా వింటారు.

మాగుంట_మాస్టారు | సాయంత్రం 5:10

ఇప్పుడే మొత్తం చదివాను. నేను నెల్లూరులో చాలా ఏళ్లు స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పాను. ఆ అనుభవంతో ఒక్క మాట: మనవాళ్లకు ఇంగ్లిషు తప్పు పోతుందని భయం, అందుకే బట్టీ. నాయనా విడవలూరూ, నీ మోటార్ల కథను బట్టీ పట్టొద్దు. చిన్న చిన్న ఇంగ్లిషు వాక్యాల్లో ముందు గోడకు చెప్పు, తర్వాత ఇంట్లో అమ్మకు తెలుగులో చెప్పు. అమ్మకు అర్థమైతే కథ సరిగ్గా ఉన్నట్టు. ప్యానెల్‌లో తమిళులో, ఉత్తరాదివాళ్లో ఉండొచ్చు, ఇంగ్లిషు తప్పదు. మధ్యలో మాట దొరక్కపోతే ‘మే ఐ సే దిస్ ఇన్ తెలుగు?’ అని అడిగితే తప్పేం లేదు. ఇంకోటి, ప్రతి వాక్యానికీ చివర ‘సార్’ తగిలించకు. మొదట ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి చాలు.

విడవలూరు_కుర్రోడు | రాత్రి 9:05

అందరికీ చాలా థాంక్స్. ఇలా రాసుకున్నాను, చూడండి. తెలుగులో పెడుతున్నాను, ఇంగ్లిషులో చెబుతాను.

‘మాది విడవలూరు మండలం. 2023లో మెకానికల్ పూర్తి చేశాను. అదే సమయంలో నాన్నకు ఆపరేషన్ అయింది, రెండేళ్లు మా ఆరెకరాల రొయ్యల చెరువుల బాధ్యత నాదే. రాత్రి షిఫ్టు నేనే చేసేవాడిని, ఆక్సిజన్ మూడుసార్లు కొలిచి రిజిస్టరులో రాసేవాడిని. ఫేజ్ పోయి మోటార్లు తరచూ కాలిపోతుంటే, ముందు ఒక చెరువులో ప్రివెంటర్, హూటర్ పెట్టి చూశాను. ఆ పంటలో ఆ చెరువు మీద ఒక్క మోటారూ పోలేదు, తర్వాత అన్నిటికీ పెట్టాం. ఇప్పుడు నాన్న కోలుకుని మళ్లీ చెరువులు చూసుకుంటున్నారు. నాకు ప్లాంటులో పని నేర్చుకోవాలని ఉంది. నేను చాలా నిజాయితీపరుడిని, కష్టపడే తత్వం కలవాడిని.’

చీమకుర్తి_రాయి | 9:14

చివరి వాక్యం కొట్టెయ్. మిగతాదంతా అలాగే ఉంచు.

సింహపురి_హెచ్ఆర్ | 9:21

అవును, అది వద్దు. ‘బలహీనత ఏమిటి’ అంటే ‘పర్ఫెక్షనిస్టుని’ అనొద్దు, ఆ జవాబు విని విని మాకు నిద్రొస్తోంది. ఫ్యాక్టరీ వాతావరణంలో ఇంతవరకు పనిచేయలేదు, సేఫ్టీ రూల్స్, పర్మిట్లు కొత్త అని చెప్పండి. నిజమూ అదే, ట్రైనీకి తగినట్టూ ఉంటుంది. జీతం గురించి అడిగితే ట్రైనీలకు మీరు ఇచ్చేదే సమ్మతం అనండి. బేరాలకు ఇంకా టైముంది.

ఒంగోలు_గిత్త | 9:30

నాకు ఇప్పటికీ ఫోన్ కాల్ మీదే నమ్మకం. కానీ అబ్బాయ్, ఆ రిజిస్టర్ ఇంకా ఉంటే ఫైల్లో పెట్టుకుని వెళ్లు. చేతి రాతతో, టైములతో ఉన్న పుస్తకం చూస్తే నా లాంటోడు కూడా నమ్ముతాడు.

పంటపాలెం_బాయిలర్ | 9:48

గిత్త మాట విను, పుస్తకం పట్టుకుపో. మా దగ్గర కూడా గంటగంటకూ లాగ్ షీట్ రాయాల్సిందే. ముడి పామాయిల్ ఓడలో వస్తుంది, డీగమ్మింగ్ (జిగురు తీయడం), బ్లీచింగ్ (రంగు తీయడం) అయ్యాక వాసన తీసే డియోడరైజర్‌లో వ్యాక్యూమ్ కింద బాగా వేడి చేస్తాం. అక్కడ వ్యాక్యూమ్ పడిపోతే మీ చెరువులో ఆక్సిజన్ పడిపోయినంత హడావిడి. ఈ నాలుగు మాటలు తెలుసుకుని వెళ్లు, ‘మా ప్రాసెస్ గురించి ఏం తెలుసు’ అని తప్పకుండా అడుగుతారు.

ఇప్పుడు నా ప్రశ్నలు. ప్రివెంటర్ ఫేజ్ పోయిందని ఎలా పసిగడుతుంది? దానికీ ఓవర్‌లోడ్ రిలేకీ తేడా ఏంది? మీ 2 హెచ్‌పీ మోటారు ఎన్ని ఆంప్స్ లాగేది? నువ్వు మోటార్ల పేరెత్తగానే మెయింటెనెన్స్ సారు అడిగేవి ఇవే. రేపటికల్లా ఇక్కడ రాయి. ఇంకోటి, నువ్వు పెన్న దాటి రావాలి. ‘రాత్రి షిఫ్టుకు ఎలా వస్తావు’ అంటే ‘బస్సు ఉంటుందండి’ అనకు. బైకు ఉందా, లైసెన్సు ఉందా?

విడవలూరు_కుర్రోడు | 10:02

బైకు ఉంది. లైసెన్సు ఎల్‌ఎల్‌ఆర్ గడువు అయిపోయిందన్నా.

పంటపాలెం_బాయిలర్ | 10:04

అయితే సోమవారం పొద్దున్నే స్లాట్ బుక్ చెయ్యి. ఆంప్స్ సంగతి సాయంత్రం చూద్దాం.